రోగి రహస్యం, విశ్వాసి మనస్సాక్షి

(స్మారకోపన్యాస పాఠం)



మనం ఏటా ఈ రోజున తలుచుకునే ఆవిడను ఆస్పత్రిలో అందరూ పెద్దసిస్టరు అనేవారు. తన పేరు ఎక్కడా పెట్టొద్దన్నది ఆవిడ కోరిక. అందుకే ఈ ఉపన్యాసమాల కూడా ఆ పిలుపుతోనే నడుస్తోంది. ఆదివారం ఆరాధన తప్పని మనిషి. అయినా వార్డు సంగతి గుడికి మోసిందని గానీ, గుడి సంగతి వార్డుకు మోసిందని గానీ ఆవిడ గురించి ఎవరూ అనగా వినలేదు. ఆవిడ అంత తేలిగ్గా చేసినట్టు కనబడిన పని నిజానికి ఎంత కష్టమైనదో మాట్లాడుకుంటే మేలనిపించింది. నేను పాఠం చెప్పేది ఫోరెన్సిక్ మెడిసిన్. మన వైద్య కళాశాలల్లో శవపరీక్షలతోపాటు వైద్యనీతిని కూడా చాలాకాలంగా మా శాఖకే అంటగట్టారు. బతికున్న రోగి హక్కుల గురించి చెప్పే పని మాకెందుకు వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

నేరుగా విషయంలోకి వెళతాను.

యెహోవాసాక్షులు అమెరికా నుంచి నడిపే పత్రిక ఒకటుంది. తెలుగులోనూ వస్తుంది, కావలికోట అనే పేరుతో. దాని 1987 సెప్టెంబరు 1 ఇంగ్లీషు సంచికలో ఒక వ్యాసం వచ్చింది. మౌనంగా ఉండటానికీ మాట్లాడటానికీ వేర్వేరు సమయాలుంటాయని ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయంలో ఉంది కదా, ఆ మాట మీద అల్లిన వ్యాసం. అందులో ఒక ఆస్పత్రి ఉద్యోగిని ఉంది. పత్రిక ఆమెను మేరీ అని పిలిచింది. రోగుల రికార్డులు చూడటం ఆమె పని. ఒకరోజు కాగితాలు సర్దుతుంటే, తన సంఘానికే చెందిన ఒక సహోదరి గర్భస్రావం చేయించుకున్నట్టు కనబడింది. ఆ సంఘం దృష్టిలో అది ఘోరపాపం. పెద్దలకు తెలిస్తే విచారణ జరుగుతుంది. ఆమె పశ్చాత్తాపపడలేదని వాళ్లకు తోస్తే బహిష్కరిస్తారు.

బహిష్కరణ అంటే ఏమిటో తెలియకపోతే మేరీ చేతిలోని కాగితం బరువు మనకు తెలియదు. నిన్నటిదాకా ఇంటికి వచ్చిపోయినవాళ్లు వీధిలో ఎదురైతే పలకరించరు. వేరే ఇంట్లో ఉంటున్న సొంతవాళ్లు సైతం దూరం జరుగుతారు. 2024లో సంఘం ఆ మాటను మార్చింది, కట్టుబాటును కొంత సడలించింది. 1987లో ఆ సడలింపు లేదు.

పత్రిక ఆమె ఇబ్బందిని దాచలేదు. రికార్డులోని సంగతి బయటపెడితే ఉద్యోగం పోవచ్చు, దావా పడవచ్చు, యజమానికి చిక్కులు రావచ్చు అని రాసింది. గుట్టు దాచేవాడిని మెచ్చుకున్న సామెతలు 11:13నూ ప్రస్తావించింది. ఆ తరువాత లేవీయకాండము 5:1 దగ్గరికి వచ్చింది. సాక్షి అయివుండీ తనకు తెలిసింది చెప్పనివాడు దోషి అవుతాడనే వచనమది. చివరికి మేరీ నోరు విప్పాలనే నిర్ణయించుకుంది. పత్రిక ఆమెను మెచ్చుకుంది. దేవుని ధర్మం మరీ పెద్దదైనప్పుడు, గోప్యత నియమాన్ని విశ్వాసి తన మనస్సాక్షిని బట్టి దాటే సందర్భాలు ఉండవచ్చని తేల్చింది.

ఆ వ్యాసం పట్ల అన్యాయం చేయకూడదు. యజమాని నియమాలను తేలిగ్గా తీసుకోమని అది చెప్పలేదు. ప్రమాణాలను ఆషామాషీగా చేయొద్దంది. మేరీ కూడా ముందు పెద్దల దగ్గరికి పరుగెత్తలేదు. ఆ సహోదరినే విడిగా కలిసి, నువ్వే వెళ్లి చెప్పుకో అని ఒప్పించబోయింది. వైద్యులూ లాయర్లూ అయిన విశ్వాసులు తమ నమ్మకం సంగతి తోటి విశ్వాసులకు ముందే తెలియజేయవచ్చని కూడా వ్యాసం సూచించింది. ఈ చివరి సూచన మంచిదే. అయితే రికార్డుల గదిలోని ఉద్యోగిని ముఖం రోగి చూడనే చూడదు. ముందే చెప్పేది ఎవరు?

లేవీయకాండము గురించి ఒక్క మాట. నేను వేదాంతిని కాను. కానీ ఆ వచనం మాట్లాడేది బహిరంగంగా ఒట్టు పెట్టి సాక్ష్యానికి పిలిచినప్పుడు నోరు మూసుకున్నవాడి గురించి. మేరీని ఎవరూ పిలవలేదు. కాగితమే ఆమె కంటపడింది.

పైగా మేరీ లాంటివాళ్లు ఇంకో ఒట్టు పెట్టుకునే ఉంటారు. ఇక్కడ కూర్చున్న విద్యార్థినులు దీపప్రజ్వలన రోజున చదివే నైటింగేల్ ప్రమాణం 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టింది. ఫరాండ్ నర్సింగ్ శిక్షణ పాఠశాలలో లిస్ట్రా గ్రెటర్ నాయకత్వంలోని ఒక కమిటీ దాన్ని రాసింది. నైటింగేల్ స్వయంగా రాయలేదు. ఆ మూలప్రమాణం దేవుని ఎదుట చేసేది. రోగి సొంత విషయాలనూ, పని సందర్భంగా తెలిసిన కుటుంబ సంగతులనూ కాపాడతానన్న మాట అందులోనే ఉంది. గ్రీకుల హిప్పోక్రటిస్ ప్రమాణం కూడా అపోలో, అస్క్లేపియస్ వంటి దేవతల మీద ఒట్టే. కాబట్టి మేరీ ముందున్న చిక్కును మతానికీ ఆస్పత్రికీ జగడంగా చూడనక్కరలేదు. దేవుని ముందు ఇచ్చిన మాటలు రెండు ఉన్నాయి. అందులో ఒకటి సంఘానికిచ్చింది, రెండోది ఆ మంచం మీది మనిషికిచ్చింది.

ఇక్కడ నాకు మన సుప్రీంకోర్టు తీర్పు ఒకటి గుర్తుకొస్తుంది. 1986లో వచ్చిన బిజో ఇమ్మాన్యుయేల్ కేసు. కేరళలో యెహోవాసాక్షుల ఇంటి పిల్లలు ముగ్గురు బడిలో జాతీయగీతం పాడటం లేదని వాళ్లను వెళ్లగొట్టారు. గీతం పాడుతున్నప్పుడు వాళ్లు లేచి నిలబడేవారు. మర్యాద తప్పలేదు. తమ నోటితో పాడలేదంతే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఆ పిల్లల పక్షాన తీర్పు రాశారు. వాళ్లను మళ్లీ బడిలో చేర్చుకోవాలన్నారు. మనస్సాక్షి స్వేచ్ఛ గురించి మన దేశంలో వచ్చిన గొప్ప తీర్పుల్లో అదొకటని నా అభిప్రాయం.

ఆ పిల్లలు చేసిందేమిటో గమనించండి. తమ గొంతును తాము పట్టి ఉంచుకున్నారు. దాని పర్యవసానం తామే భరించారు. పక్కవాడి గొంతు జోలికి వెళ్లలేదు. మేరీ చేసింది వేరు. ఆమె వాడింది తన గొంతును కాదు. ఎదుటి మనిషి తన దగ్గర దాచిన సొత్తును తీసి ఖర్చుపెట్టింది. గర్భస్రావం వార్డులో పనిచేయనని అంటే, ఆ నిరాకరణను నేను గౌరవిస్తాను. ఉద్యోగం వదులుకుంటానంటే ఇంకా గౌరవిస్తాను. తన మనస్సాక్షికి అయ్యే ఖర్చు తన జేబులోంచి పెట్టుకున్న మనిషికి వంక పెట్టలేం. మేరీకి ఉద్యోగం పోవచ్చునని పత్రిక లెక్క వేసింది. ఆ సహోదరికి ఏం పోతుందో మాత్రం ఆమె ఆత్మకు జరిగే మేలు లెక్కలోకి మళ్లించింది. ఆ లెక్క వేసే హక్కు ఆ సహోదరిది.

అయితే గోప్యతకు మినహాయింపులు లేవా? ఉన్నాయి, వైద్యులు వాటిని రోజూ వాడుతూనే ఉంటారు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లో తరాసాఫ్ కేసులో, రోగి వల్ల ఫలానా మనిషికి ప్రాణాపాయముందని తెలిసిన మానసిక వైద్యుడు ఆ మనిషిని కాపాడే బాధ్యత నుంచి తప్పించుకోలేడని చెప్పింది. మన దేశంలో 2002 నాటి వైద్యనీతి నిబంధనలు కూడా మూడు చోట్ల తలుపు తెరిచాయి. న్యాయమూర్తి ఆదేశం ఉన్నప్పుడు, ఒక వ్యక్తికి గానీ సమాజానికి గానీ తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడు, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బులు వచ్చినప్పుడు. కోర్టు ఆదేశం సంగతి వదిలేస్తే, మిగిలిన రెండూ ముందుకు చూసేవే. రేపు ఎవరికో జరగబోయే హానిని ఆపడానికి పెట్టుకున్నవి. సంఘ పెద్దల విచారణ వెనక్కి చూస్తుంది. జరిగిపోయినదానికి జవాబు అడుగుతుంది. మేరీ మాట్లాడటం వల్ల తప్పే ముప్పు ఎవరికీ లేదు.

ముందుకు చూసే మినహాయింపు కూడా ఎంత ప్రమాదకరమో మనవాళ్లకు ఒక కేసు నేర్పింది. దాన్ని మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్ అంటారు. తీర్పు 1998లో వచ్చింది. నాగాలాండ్‌కు చెందిన ఒక డాక్టరు, బంధువు చికిత్స కోసం 1995లో మద్రాసు వెళ్లి రక్తం ఇచ్చాడు. పరీక్షలో హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. ఆ సంగతి బయటికి పొక్కింది. నిశ్చయమైన పెళ్లి ఆగిపోయింది. బంధువులూ తన సమాజమూ వెలివేసినట్టు చూడటంతో అతను కోహిమా వదిలి మద్రాసు చేరుకున్నాడు. పెళ్లికూతురి ప్రాణం గోప్యత కంటే పెద్దదని కోర్టు చెప్పింది. అంతవరకు అర్థం చేసుకోవచ్చు. అదే ఊపులో, అలాంటి జబ్బున్నవారి పెళ్లి హక్కు గురించి అక్కరలేని మాటలు కూడా అనేసింది. ఆ మాటలు ఆ కేసుకు అవసరమే లేదని 2002లో సుప్రీంకోర్టే సర్దుకుంది. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం వచ్చాక ఆ తలుపు ఎంతమేర తెరవాలో రాసి పెట్టారు. భాగస్వామికి చెప్పాల్సి వస్తే ఏయే షరతులతో చెప్పాలో కూడా అందులో ఉంది. చెప్పేది వైద్యుడో కౌన్సెలరో. రికార్డు చూసిన ఉద్యోగి కాదు. చెప్పాల్సింది ముప్పున్న భాగస్వామికి. సంఘానికి కాదు, కులపెద్దకు కాదు, కాబోయే వియ్యంకుడికీ కాదు.

ఇంతసేపూ యెహోవాసాక్షులను ముద్దాయిల్లా నిలబెట్టినట్టు అనిపించి ఉంటుంది. కథలో రెండో సగం వినండి.

వాళ్లు రక్తం ఎక్కించుకోరు. 1945 నుంచి అది వాళ్ల సిద్ధాంతం. చాలామంది జేబులో కార్డు పెట్టుకుంటారు. 1979లో కెనడాలోని ఒంటారియోలో ఒకామె రోడ్డు ప్రమాదంలో స్పృహ తప్పింది. పర్సులో కార్డుంది. ప్రాణం పోతుందని డాక్టరు రక్తం ఎక్కించాడు. ఆమె బతికింది, కోర్టుకెళ్లింది, 20,000 డాలర్ల పరిహారం వచ్చింది. 1990లో అప్పీలు కోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. డాక్టరు మనస్సాక్షి ఎంత మంచిదైనా, ఆ ఒంటి మీద ఆఖరు మాట ఆమెదే అన్నారు.

ఆ మాట నిజంగా ఆమెదేనా అన్న ప్రశ్న 1992లో ఇంగ్లండులో వచ్చింది. కోర్టు ఆమె పేరు బయటపెట్టకుండా టి అని రాసింది. కారు ప్రమాదంలో గాయపడిన గర్భిణి. తాను ఆ సంఘంలో లేదు, తల్లి ఉంది. తల్లితో ఏకాంతంగా గడిపిన తరువాత రక్తం వద్దంది. ఆ నిరాకరణ మీద తల్లి ప్రభావం మితిమీరి ఉందని అప్పీలు కోర్టు భావించింది, రక్తం ఎక్కించడం చట్టబద్ధమేనంది. రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలని మేము విద్యార్థులకు నూరిపోయడానికి ఇలాంటి కేసులే కారణం.

ఇక్కడే మేరీ మళ్లీ వస్తుంది. అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో పనిచేసిన ఒసాము మురమోటో అనే నరాల వైద్యుడు 1998 నుంచి ఒక వైద్యనీతి పత్రికలో వరుసగా రాశాడు. ఆ సంఘంలో అందరూ ఒకే గట్టిదనంతో నమ్మరు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు గుట్టుగా రక్తం తీసుకునేవాళ్లూ ఉంటారు అని అతని వాదన. అలాంటి రోగికి ఆస్పత్రిలోనే తోటి విశ్వాసి ఉద్యోగిగా ఉంటే ఆ గుట్టు నిలుస్తుందా అని అతను ప్రశ్నించాడు. 1987 వ్యాసాన్ని ముందుపెట్టే అడిగాడు. సంఘం కూడా అడగొద్దు, రోగీ చెప్పొద్దు, ఆ ఏర్పాటు మేలు అని సూచించాడు. సంఘం తరఫు న్యాయవాది డొనాల్డ్ రిడ్లీ అదే పత్రికలో దానికి ఎదురు రాశాడు. రక్తం నిరాకరించడం బలవంతం వల్ల కాదు, మనస్ఫూర్తిగా నమ్మి చేసేదని అతని పక్షం. చాలామంది విషయంలో రిడ్లీ మాట నిజమే కావచ్చు. కానీ మనస్ఫూర్తి నమ్మకం నిఘా లేనప్పుడూ నిలుస్తుంది కదా. నిలవనిది ఉంటే, అది ఆ మనిషికీ దేవునికీ మధ్య సంగతి.

ఆ సంఘానికి గోప్యత విలువ తెలియదనుకోకండి. 2007లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రాసిక్యూటరు కార్యాలయం నగరంలోని ఆస్పత్రులన్నిటికీ ఒక ఆదేశం పంపింది. యెహోవాసాక్షులు ఎవరైనా రక్తం వద్దంటే తమకు తెలియజేయాలంది. కొందరి వైద్య రికార్డులు అలా వాళ్ల అనుమతి లేకుండానే అధికారుల చేతికి చేరాయి. ఆ విశ్వాసులు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవహక్కుల కోర్టుకెళ్లారు. 2013 జూన్‌లో అవిల్కినా కేసులో వాళ్ల పక్షాన తీర్పొచ్చింది. నాలుగేళ్లు తిరగకముందే, 2017లో, రష్యా సుప్రీంకోర్టు ఆ సంస్థనే నిషేధించింది. ఎవరు విశ్వాసి, ఎవరు కాదు అన్న సంగతి ఆస్పత్రి కాగితాల్లోంచి పాలకుల చేతికి వెళితే ఏమవుతుందో ఇంతకంటే చెప్పక్కరలేదు. స్ట్రాస్‌బర్గ్‌లో వాళ్లను కాపాడిన గోడ, మేరీ దాటిన గోడ ఒకటే. సంఘ పెద్దల కోసం కన్నం పెడితే, అదే కన్నంలోంచి ప్రాసిక్యూటరు కూడా చెయ్యి పెడతాడు.

ఇక మన సంగతి. గర్భస్రావం విషయంలో మన నియమం కాగితం మీద చాలా దేశాల కంటే జాగ్రత్తగా ఉంది. 1971 చట్టం కింద 2003లో చేసిన నిబంధనల ప్రకారం ఆ స్త్రీ పేరు అడ్మిషన్ రిజిస్టరులో ఒక్కచోటే ఉండాలి. కేస్ షీటులోనూ, థియేటరు రిజిస్టరులోనూ, ఫాలో అప్ కార్డులోనూ పేరు రాయకూడదు, వరుస సంఖ్య మాత్రమే వేయాలి. రిజిస్టరు రహస్య పత్రం, ఆస్పత్రి అధిపతి భద్రంలో ఉండాలి. మేరీ మన దగ్గర పనిచేసి, ఈ నిబంధన సరిగ్గా అమలై ఉంటే, ఆమె కంటపడేది ఒక నంబరే. 2021 సవరణ 5ఏ అనే సెక్షన్ చేర్చి, పేరూ వివరాలూ బయటపెడితే ఏడాది దాకా జైలుశిక్ష పెట్టింది. కానీ ఆ సెక్షన్ ఉద్దేశించింది నమోదైన వైద్యుణ్ణి. రికార్డులు మోసే అటెండరు, కంప్యూటరు ముందు కూర్చునే ఆపరేటరు, రాత్రంతా వార్డులో ఉండే నర్సు ఆ వాక్యంలో లేరు. కాగితాలు ఎక్కువగా చూసేది వాళ్లే.

పైగా మన ప్రభుత్వాస్పత్రుల్లో గోప్యత మతం దాకా వెళ్లకముందే చచ్చిపోతుంది. కేస్ షీటు మంచం కాళ్ల దగ్గర వేలాడుతుంది. రౌండ్లలో పెద్ద డాక్టరు అడిగే ప్రశ్న పక్క మంచం అత్తగారికి కూడా వినబడుతుంది. ఓపీలో పేరు కేకేసి పిలుస్తారు. మనకు మతం వేరుగా రాదు, కులంతోనూ, ఊరితోనూ, చుట్టరికంతోనూ కలిసి వస్తుంది. ఊళ్లో ఆశా కార్యకర్తదీ రోగిదీ ఒకే సంఘం కావచ్చు. ఏఎన్ఎం భర్త మసీదు కమిటీలో ఉండవచ్చు. ల్యాబు టెక్నీషియనూ పెళ్లికూతురి బాబాయీ ఒకే పీఠం శిష్యులు కావచ్చు. పాస్టరు గారు వార్డుకొచ్చి, మంచం దగ్గర ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ సిస్టరును పక్కకు పిలిచి, అమ్మా అసలు ఏమిటమ్మా జబ్బు అని ఎంతో ప్రేమగా అడుగుతారు. దురుద్దేశం ఉండదు. ఆ ప్రేమే కష్టం. దురుద్దేశంతో అడిగినవాడిని కసురుకోవచ్చు. ఇలాంటప్పుడు పెద్దసిస్టరు అనే మాట ఒకటి ఆవిడ దగ్గర పనిచేసినవాళ్లు చెప్పగా విన్నాను: ఆవిడ మెలకువగానే ఉంది అయ్యగారూ, ఆవిడనే అడగండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఇంగ్లీషు రాని అమ్మకు అమెరికా ఆస్పత్రిలో తెలుగు దుబాసీ కావాలి. ఊరు చిన్నదైతే ఆ దుబాసీని వచ్చే ఆదివారం గుడిలోనో చర్చిలోనో చూడాల్సి వస్తుంది. అందుకే చాలామంది పెద్దవాళ్లు దుబాసీ వద్దు, కొడుకే చాలు అంటారు. కొడుకు ముందు చెప్పలేని జబ్బులు మళ్లీ వేరే.

ఇప్పటిదాకా చెప్పినదానికి అడ్డం తిరిగే సంగతి ఒకటి దాటవేయకూడదు. 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పాలంటుంది, చెప్పకపోతే శిక్ష ఉంది. ఇక్కడ చట్టమే మేరీలా మాట్లాడమంటోంది. దాని ఫలితంగా, గర్భం దాల్చిన మైనరు పిల్లలు భయపడి నాటువైద్యుల పాలైతే ఆ తప్పు ఎవరిది? 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఈ ముడిని కొంత విప్పింది. గర్భస్రావం మట్టుకు, ఆ పిల్లా సంరక్షకులూ కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో డాక్టరు ఆమె పేరూ గుర్తులూ చెప్పనక్కరలేదంది. నేరం కబురు చేరాలి, పిల్ల పేరు చేరనక్కరలేదు. పిల్లలకు హాని చేసిన మతగురువును సంఘం గుట్టుగా దాచే చోట నేను గోప్యత పక్షాన లేను. ఆ గుట్టు రోగిది కాదు కనుక.

నర్సింగ్ విద్యార్థినులు నన్ను అడగబోయే ప్రశ్న నాకు తెలుసు: మా సంఘం మనిషే వార్డులో చేరితే మేమేం చేయాలి? మొదటి రోజునే ఆమెతో విడిగా ఒక మాట చెప్పండి. నేను కూడా మన సంఘానికే వస్తాను, మీకు ఇబ్బందైతే ఇంకొకరిని వేయిస్తాను అనండి. కావలికోట వ్యాసంలోని మంచి సూచన ఇదే, నేను దాన్ని తలకిందులు చేసి రోగి చేతికిస్తున్నాను. మీ వల్ల కాకపోతే, కారణం చెప్పకుండానే ఆ మంచం మార్చమని అడిగే వీలు మీకుండాలి. కారణం చెబితే అదే సగం గుట్టు విప్పినట్టు. కంప్యూటరులో ఎవరి రికార్డును ఎవరు తెరిచారో నమోదయ్యేలా ఆస్పత్రులు చూడాలి. అమెరికాలో మేరీ తరువాతి తరం ఉద్యోగులకు హిపా చట్టం ఈ కట్టుబాటు తెచ్చింది. ఇక వార్డుల సంగతికి కొత్త చట్టం అక్కరలేదు. డ్యూటీ చార్టు వేసే సిస్టరుకు ఆ మార్పు చేసే అధికారం రాతపూర్వకంగా ఇస్తే చాలు. వేదిక మీద సూపరింటెండెంటు గారు కూడా ఉన్నారు కాబట్టి, ఆ కాగితం ఎప్పుడిస్తారో ఇప్పుడే అడుగుతున్నాను.